తలెత్తకుండా అయిదు రౌండ్లు

హోసూరు బస్టాండులో దిగేసరికి ఉదయం అయిదూ నలభై. తొంభై ఏడు, జూన్. సన్నగా తుంపర పడుతోంది. చేతిలో నల్ల ట్రంకు పెట్టె, భుజాన కిట్ బ్యాగు, చొక్కా జేబులో మూవ్‌మెంట్ ఆర్డరు. రెండేళ్ళ పోస్టింగు. పని: కృష్ణగిరి, హోసూరు వైపు కాలేజీల్లో చదివే ఎన్.సి.సి. కేడెట్లకు డ్రిల్లు, మ్యాపు చదవడం, రైఫిల్ షూటింగు నేర్పడం. పది గంటలకల్లా యూనిట్‌లో రిపోర్టు చేయాలి.

టీ కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టు మనిషి నా బూట్ల వంక చూసి, "యాడ్నించి వస్తా ఉండావప్పా?" అన్నాడు.

పదహారేళ్ళ సర్వీసు. ఇసుకలో నాలుగేళ్ళు, మంచులో అయిదేళ్ళు, మిగతాది కంటోన్మెంట్లలో. అన్నేళ్ళలో మా యాసలో నన్ను పలకరించిన మనిషి ఒక్కడు లేడు. ఆ "ఉండావప్పా" వినగానే, అతనిచ్చిన టీ గ్లాసు చేత్తో పట్టుకుని అతని వంకే చూస్తూ ఉండిపోయాను. వాడు ఏమనుకున్నాడో ఏమో, చల్లారిన టీ పారబోసి ఇంకోటి పోసిచ్చాడు.

మీలో చాలామంది ఇప్పుడు నన్ను ఫ్యాక్టరీ గేటు దగ్గర చూస్తుంటారు. డబుల్ బ్యారెల్ గన్ను ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చునే గార్డును నేనే. షిఫ్టు మారేటప్పుడు ఆగి అందరూ అదే ప్రశ్న వేస్తారు. "సార్, రైఫిల్ గురి కుదరాలంటే అన్నిటికన్నా ముఖ్యం ఏంది?" జవాబులు కూడా మీరే చెప్పేస్తారు. కళ్ళు సార్. ఊపిరి సార్. ధైర్యం సార్. గేటు దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తెలుగు అక్షరాలు నేను బడిలో నేర్చుకోలేదు. మా బడి అరవ బడి. ఇంట్లో తెలుగు, పలక మీద అరవం. ఈ అక్షరాలు ముప్పై ఏళ్ళు దాటాక, మంచులో, ఒక కర్నూలు సిగ్నల్‌మేన్ నేర్పించాడు. తప్పులుంటే సర్దుకోండి.

మా ఊరు రాయకోట పక్కన. హోసూరు నుంచి బస్సులో గంట పైచిలుకు. ఇంట్లో నా భార్య సరోజ. ఇప్పుడు లేదు. రెండు వేల ఏడులో పోయింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆఖర్లో చెప్పి మిమ్మల్ని ఏడిపించే ఉద్దేశం నాకు లేదు.

మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇంతకంటే రాయను. మా అమ్మ పోయాక ఇంట్లో సరోజ ఒక్కతే. రెండెకరాల రాగి చేను, ఒక ఆవు, గట్టు మీద చింతచెట్లు, మాటిమాటికీ కాలిపోయే బోరు మోటారు. ఇదంతా ఆమె డ్యూటీ. నేను ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చి పోయే మనిషిని.

మా వైపు బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవరు. యాడికి పోతావని అడగరు. అందరిళ్ళలో ఉన్నదే. సరోజ ఇంకో మెట్టు ఎక్కింది. చూడను కూడా చూసేది కాదు. సెలవు అయిపోయి నేను గడప దాటానో లేదో, లోపల అంట్లగిన్నెల చప్పుడు మొదలయ్యేది. వీధి మలుపులో ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. గడపలో ఎవరూ ఉండేవారు కాదు. పక్కింటి ముసలమ్మ మాత్రం చెయ్యి ఊపేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈమెకు నేనుంటే ఎంత, లేకపోతే ఎంత? రైల్లో రెండు రాత్రులు ఇదే ఆలోచన. పదేళ్ళుగా అదే నా మనసులో ముల్లు.

అందుకే ఈ రెండేళ్ళ పోస్టింగు నాకు పోస్టింగు కాదు. ఆ ముల్లు సంగతి తేల్చుకోవడానికి దొరికిన సెలవు.

యూనిట్‌లో మేము నలుగురం స్టాఫ్. సుబేదార్ సాబ్ గఢ్వాల్ కొండల మనిషి, పొట్టిగా, ఎప్పుడూ ఏలకులు నములుతుండేవాడు. స్టోర్ హవల్దారు వేలూరు వైపు అరవతను. హెడ్ క్లర్కు. నేను. షూటింగు మొత్తం నా బాధ్యత. యూనిట్‌లో నన్ను ఉస్తాద్, అంటే గురువు, అని పిలిచేవాళ్ళు.

ఫైరింగ్ రేంజి బర్గూరు దాటాక మట్టిరోడ్డు మీద రెండు కిలోమీటర్లు. వాడకం మానేసిన గ్రానైటు క్వారీ అది. మూడు వైపులా నిలువుగా కోసేసిన రాయి. రాతికి తగిలిన గుండు ఎటు తిరిగొస్తుందో ఎవడూ చెప్పలేడు. అందుకని రాతిగోడ ముందు పదిహేను అడుగుల ఎత్తు మట్టికట్ట పోయించారు. మా రైఫిళ్ళు చిన్నవి, పాయింట్ టూ టూ. పన్నెండు. దూరం ఇరవై అయిదు మీటర్లు. ఎర్రజెండాలు రెండు. పొద్దున ఆరున్నరకు ఫైరింగు మొదలు, పదిన్నరకు బంద్. ఆ తర్వాత రాయి వేడెక్కి, ఎదుటి గాలి వణుకుతుంది. టార్గెట్టు నీళ్ళలో ఉన్నట్టు కదులుతుంది.

కొండ మీద వాచ్ పోస్టు. అక్కడ స్టోర్ హవల్దారు వాకీటాకీతో కూర్చునేవాడు. మా రేడియో సంభాషణల్లో సగం ఇలా ఉండేవి.

"ఫైరింగ్ పాయింట్, ఇక్కడ వాచ్ పోస్ట్. మేకలు. ఓవర్."

"ఎన్ని? ఓవర్."

"చాలా. వెనకాల ఒక ముసలామె. మనల్నే తిడతా ఉండాది. ఓవర్."

ఫైరింగు ఆపేవాణ్ణి. మేకలు పోయేదాకా పన్నెండుమంది కేడెట్లు నేల మీద అలాగే పడుకుని ఉండేవాళ్ళు.

మంచి ఫైరింగుకు సైన్యంలో మూడు సూత్రాలు బట్టీ పట్టిస్తారు. మజ్బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, దురుస్త్ ట్రిగర్ ఆపరేషన్. గట్టి పట్టు, సరైన గురి, సరిగ్గా ట్రిగర్ నొక్కడం. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. నేను కూడా మొదటి నెలంతా అవే చెప్పాను. కేడెట్లు అవే అప్పగించారు. కాగితం మీద మాత్రం తూట్లు జల్లెడ లాగా పడ్డాయి.

తప్పు మాత్రం ఎవడిదీ కాదు. "గాలి సార్." ఆషాఢంలో కృష్ణగిరి గాలి సంగతి నాకు తెలియనిదా? కానీ మూడు పక్కలా రాతిగోడల మధ్య, పాతిక మీటర్లలో, ఆ గాలి గుండును ఏం చేస్తుంది? "ఈ తుపాకి వంకర సార్." ఆ వంకర తుపాకి తీసుకుని, పక్కనే పడుకుని, అయిదు రౌండ్లు కాల్చి కాగితం చూపించేవాణ్ణి. ఇంక నోరు మూత.

తర్వాత నా పద్ధతిలో మొదలుపెట్టాను. పడుకో. మోచేతి కింద రాయి లేకుండా చూసుకో. గురి కట్టు. ఇప్పుడు కళ్ళు మూసుకో. రెండుసార్లు ఊపిరి పీల్చి వదులు. కళ్ళు తెరువు. రైఫిల్ ఎక్కడ చూస్తోంది? టార్గెట్టు మీదే ఉంటే సరే. పక్కకు పోయిందా, చేత్తో లాగి తెచ్చుకోవద్దు. ఎడమ మోచెయ్యి కదపకుండా ఒళ్ళు జరుపు. కాళ్ళు జరుపు. మళ్ళీ కళ్ళు మూసి తెరిచి చూడు. నువ్వు బలవంతం చేయకుండా రైఫిల్ తనంతట తాను టార్గెట్టును చూడాలి. చేత్తో లాగి పెట్టిన గురి, ట్రిగర్ నొక్కే క్షణంలో తన పాత చోటికే పోతుంది.

నన్నడిగితే అన్నిటికన్నా ముందు ముఖ్యమైంది ఇది. తర్వాతిది ఇంకా కష్టం. ట్రిగర్ నొక్కాక తలెత్తకూడదు. చిన్న రైఫిల్లో గుండు నెమ్మదిగా పోతుంది. అది బ్యారెల్ దాటేదాకా నీ చెంప రైఫిల్ వెనక కర్ర మీదే ఉండాలి, కన్ను గురి చూసే సైటు మీదే ఉండాలి. చప్పుడయ్యాక కూడా ఒక ఊపిరి అలాగే ఉండు. ఎక్కడ తగిలిందా అని తల లేపితే భుజం కదులుతుంది. భుజం కదిలితే గుండు పోయింది.

ఇంత చెప్పే నేను, అదే తప్పు చేసేవాణ్ణి. నవ్వుకోండి. సెప్టెంబరులో స్టాఫ్‌కు పోటీ పెట్టారు. నావి నాలుగు రౌండ్లు ఒకే తూటులో. అయిదోది రెండు వేళ్ళ దూరంలో పైన, విడిగా, ఒంటరిగా. సుబేదార్ సాబ్ కాగితాన్ని ఎండకు పట్టుకుని చూశాడు.

"ఉస్తాద్, నాలుగు రౌండ్లు ఉస్తాదువి. ఒకటి నిన్న చేరిన రంగరూటుది. తల ఎందుకెత్తావు?"

"చూద్దామని సాబ్. అన్నీ ఒకచోటే పడ్డాయా అని."

"కాగితం పారిపోతుందా?"

నా జబ్బే అది. ఏదైనా నాకు వెంటనే తెలియాలి. ఉత్తరం వేసిన మర్నాడే జవాబు కోసం పోస్టు సంచీ వెతికే రకం. మంచు పోస్టు నుంచి ఒకసారి సరోజకు రాశాను, నేను గుర్తొస్తున్నానా అని. నలభై రోజులకు జవాబొచ్చింది. తెలుగు మాటలు, అరవ అక్షరాలు. "మోటారు కాలిపోయినాది. ఆవు ఈనింది. ఒళ్ళు జాగ్రత్త." అంతే. నా ప్రశ్నను ఆమె చదివిందో లేదో కూడా తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం రెండుకు ఔట్‌పాస్. రెండూ నలభై బస్సు. నాలుగింటికి రాయకోట. ఆదివారం సాయంత్రం తిరుగు బస్సు. మొదటి శనివారం ఇంట్లో అడుగుపెట్టి గ్రహించాను, నా ఇంట్లో నా చెంబు ఎక్కడుందో నాకే తెలియదని. సరోజ రోజంతా గంటల ప్రకారం నడిచేది. నాలుగున్నరకు లేవడం, అయిదుకు ఆవు, ఆరుకు నీళ్ళ వంతు. నా కోసం ఏ గంటా ఖాళీగా లేదు. తోచక, దొడ్లో కట్టెలన్నీ కిట్ ఇన్‌స్పెక్షనుకు పేర్చినట్టు పొడుగు ప్రకారం వరసలు పెట్టాను. మరుసటి వారం వచ్చి చూస్తే అవి మళ్ళీ పాత కుప్పే.

"ఎందుకు చెడిపినావు?" అన్నాను.

"పొయ్యికి మిలిట్రీ కట్టెలు తెలీవు. పైన సన్నవి, కింద లావువి ఉండల్ల. మీరు కూకోండి, చాలు."

కోపమొచ్చింది. నవ్వూ వచ్చింది. కానీ "మీరు కూకోండి" అన్నప్పుడు ఆమె నా వంక చూడలేదు. అది నా మనసులో పడిపోయింది.

అలా ఏడాదిన్నర గడిచింది. వారానికి ఒక రాత్రి, ఒక పగలు. మాటలు పెరిగాయి. ఏ మాటైనా చేను గురించే, ఆవు గురించే. బస్సెక్కడానికి బయల్దేరితే మళ్ళీ అదే అంట్లగిన్నెల చప్పుడు.

తొంభై తొమ్మిది జనవరిలో బర్గూరు రేంజి పక్కనే పదిరోజుల క్యాంపు పడింది. రాత్రి చలి గట్టిగా ఉండేది. ఒక్కొక్కరికి రెండు కంబళ్ళు. ఆఖరి రోజు మా యూనిట్ కమాండరు కర్నల్ సాబ్ ఆర్డరిచ్చాడు: స్టాఫ్ కుటుంబాలు రావచ్చు, ఒక్కొక్కరు అయిదు రౌండ్లు కాల్చవచ్చు. సరోజకు కబురు పంపాను. రాదనే అనుకున్నాను.

తొమ్మిదీ పదికి మట్టిరోడ్డు మీద కనిపించింది. రాయకోట నుంచి కృష్ణగిరి, అక్కణ్ణుంచి బర్గూరు, అక్కణ్ణుంచి నడక. చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. రాగిముద్ద, చింతచిగురు పప్పు... కాదు, జనవరిలో చింతచిగురు ఎక్కడిది? అనపకాయల పులుసు. అవును, అనపకాయలే.

మిగతావాళ్ళ భార్యలు కళ్ళు గట్టిగా మూసుకుని కాల్చారు. చప్పుడుకు కేకలు, నవ్వులు. ఒక గుండు ఏకంగా పక్క టార్గెట్టుకు పోయింది. సరోజ వంతు వచ్చింది. చీరకొంగు నడుముకు చుట్టి దోపుకుంది. గోనెపట్టా మీద బోర్లా పడుకుంది. ఇన్‌స్ట్రక్టరు పక్కనే పడుకుని చెప్పాలి. రూలు. పడుకున్నాను.

పన్నెండేళ్ళ పెళ్ళిలో పట్టపగలు, ఆమె పక్కన అంత దగ్గరగా పడుకోవడం అదే మొదలు. అదీ కర్నల్ సాబ్ ముందు, వందమంది కేడెట్ల ముందు. ఆమె తల నుంచి కొబ్బరినూనె వాసన. చెవి పక్కన రెండు తెల్ల వెంట్రుకలు. అవి ఎప్పుడొచ్చాయో నాకు తెలియదు. పాఠం మొదలుపెట్టాను.

"కళ్ళు మూసుకో. ఊపిరి వదులు. తెరువు. యాడ చూస్తా ఉండాది?"

"కుడిపక్కకు పోయినాది."

"చేత్తో లాగొద్దు. ఒళ్ళు జరుపు."

జరిగింది. మళ్ళీ మూసింది, తెరిచింది. మళ్ళీ కొంచెం జరిగింది. నేను చెప్పకుండానే. తర్వాత మెల్లగా నొక్కింది. చప్పుడు. చెంప కర్ర మీదే ఉంది. బోల్టు లాగి, తోసి, మళ్ళీ చెంప పెట్టింది. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఒక్కసారి కూడా తలెత్తలేదు. అయిదోది అయ్యాక కూడా కాసేపు అలాగే ఉంది. లెయ్యమని నేను చెప్పాల్సి వచ్చింది.

సుబేదార్ సాబ్ స్వయంగా పోయి కాగితం తెచ్చాడు. కింద ఎడమ మూలలో అయిదు తూట్లు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి పెట్టాడు. అయిదూ దాని కింద దాక్కున్నాయి.

"నడిమధ్య పడలేదే," అంది సరోజ. ముఖం చిన్నబోయింది.

"అది సైటు తప్పు, నీది కాదు. సైటు తిప్పితే మధ్యకు వస్తాయి. అయిదూ ఒకచోట పడటం మాత్రం ఎవరూ తిప్పి ఇవ్వలేరు," అన్నాను. అప్పుడు నవ్వింది. పళ్ళు కనపడేలా. సుబేదార్ సాబ్ నా భుజం తట్టి, "ఉస్తాద్ ఎవరో ఈరోజు తెలిసింది," అన్నాడు. నాకు సిగ్గేయలేదు. గర్వంతో ఛాతీ నొప్పెట్టింది.

సాయంత్రం ఇద్దరం కలిసి బస్సెక్కాం. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను.

"తలెత్తకుండా ఎట్ల కాల్చినావు? పదిహేడేండ్లుగా నాకే రాలేదు అది."

"దాంట్లో ఏముండాది? రాగి చేనులో మంచె మీద వడిసెల తిప్పుతా గదా. రాయి యాడ పడిందని చూస్తా నిలబడితే, ఇంకో పక్క చిలకలు వాలిపోతాయి. ఇసిరినాక దాని సంగతి అయిపోయినట్లే. చేతిలో పని చూసుకోవల్ల."

ఇంత చిన్న సంగతి. నేను ఆగలేకపోయాను. పన్నెండేళ్ళ ముల్లు నోటికొచ్చేసింది.

"నేను పోయేటప్పుడు గూడా అంతేనా? గడప దాటినాక నా సంగతి అయిపోయినట్లేనా?"

బస్సు కృష్ణగిరి ఊళ్ళోకి తిరిగింది. ఆమె కిటికీలోంచి మామిడి తోపుల వైపు చూస్తోంది. బస్సు ఆగాక లేచి, "దిగండి, రాయకోట బస్సు నిలబడి ఉండాది," అంది.

మే నెలలో పోస్టింగు ముగిసే కాగితం వచ్చింది. నాకు అప్పటికే పెన్షన్ సర్వీసు నిండింది. రెండు దారులు. డిశ్చార్జి అడిగి ఇంటికి పోవచ్చు. లేదా మళ్ళీ ఉత్తరాన ఉన్న నా సొంత పల్టన్‌కు, పై ప్రమోషనుకు. హెడ్ క్లర్కు చెప్పాడు: "హవల్దార్ సాబ్, సోమవారం పది గంటలకు మీ సంతకంతో కాగితం నా టేబుల్ మీద ఉండాలి. ఏదో ఒకటి."

ఆదివారం ఇంట్లో కాగితం మడత విప్పి చాప మీద పెట్టాను. సరోజ చింతపండు గింజలు తీస్తోంది. సంగతంతా చెప్పాను. ఉండిపొమ్మంటే ఉండిపోతాను. ఆ మాట నేను అనలేదు. ఆమె అనాలని కూర్చున్నాను. ఒక్క మాట చాలు. ఉండండి. మూడక్షరాలు. ఆమె గింజలు తీస్తూనే ఉంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

చివరికి, "మీ ఇష్టం," అంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అక్కడికక్కడే పెన్ను తీసి, పల్టన్‌కు తిరిగి పోతానని సంతకం పెట్టాను. ఆమె చూసింది. మళ్ళీ గింజల మీదకు వంగింది. నేను చేత్తో లాగి గురి పెట్టుకోవాలని చూశాను, ఆమె నోటితో ఆ మాట అనిపించాలని చూశాను. ఒళ్ళు జరపవలసింది నేను. "నేను ఉండిపోతా సరోజా" అనాల్సింది నేను. ఈ తెలివి నాకు ఆ పూట లేదు. తర్వాత నాలుగేళ్ళు అది ఒక్కటే తెలుసుకున్నాను.

జూన్‌లో వెళ్ళిపోయాను. గిన్నెల చప్పుడు విన్నాను. ఆసారి మలుపులో వెనక్కి తిరగలేదు. పంతం.

ఉత్తరాన మా పోస్టు పదకొండు వేల అడుగుల ఎత్తులో. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దారి మూసుకుపోతుంది. బంకరులో ఆరుగురం, వెచ్చదనానికి ఒక కిరోసిన్ బుఖారీ పొయ్యి. అక్కడ ఇల్లు గుర్తొచ్చింది అని రాయను. సరోజ గుర్తొచ్చింది. చెవి పక్కన రెండు తెల్ల వెంట్రుకలు గుర్తొచ్చాయి. తిండి గుర్తొచ్చింది అనేవాళ్ళకు తిండి దొరుకుతుంది, డబ్బాల్లో అయినా. నాకు కావలసింది డబ్బాల్లో వచ్చేది కాదు. ప్రమోషను వచ్చింది. భుజం మీద నక్షత్రం వచ్చింది. బంకరులో అందరూ చప్పట్లు కొట్టారు. బయటికి పోయి మంచులో నిలబడి ఏడ్చాను. కన్నీళ్ళు మీసాల మీద గడ్డకట్టాయి. రేడియో కుర్రాడు కేకేశాడు, "సాబ్, లోపలికి రండి, ముక్కు రాలిపోతుంది." పోయాను.

ఆమె ఉత్తరాలు వచ్చేవి. మోటారు. ఆవు. రాగులు. ఒళ్ళు జాగ్రత్త. నేను కూడా అలాంటివే రాశాను. ఇంకే ప్రశ్నా వేయలేదు.

రెండు వేల మూడు మార్చిలో పెన్షన్ మీద బయటికొచ్చాను. ఏ రోజు, ఏ బండి అన్నది ఒక కార్డు మీద రాసి పడేశాను. రమ్మని రాయలేదు. ఎప్పుడూ ఆమె స్టేషనుకు గానీ బస్టాండుకు గానీ వచ్చింది లేదు.

బెంగుళూరు నుంచి పాసింజరు. ముప్పై అయిదు నిమిషాలు లేటు. రాయకోటలో పదీ యాభై అయిదుకు ఆగింది. అక్కడ బండి రెండు నిమిషాలే ఆగుతుంది. నేను ఆఖరి బోగీ. మామూలు ప్యాంటు, చొక్కా. మీసం తీసేశాను. ట్రంకు దించి, టమోటా బుట్టలు పేర్చిన చోటు పక్కన నిలబడ్డాను. ఎండ కళ్ళలో కొడుతోంది.

ఇంజను వైపు చూస్తే, సరోజ.

మొదట నమ్మలేదు. ఎవరో ఆమె లాంటి మనిషి అనుకున్నాను. పోయిన సెలవు తర్వాత జుట్టు సగం తెల్లబడింది. కొత్త చీర కట్టుకుంది. మడతలు ఇంకా పోలేదు. ఒక్కొక్క కిటికీ దగ్గరా వంగి లోపలికి చూస్తోంది. తలుపు దగ్గర నిలబడినవాళ్ళను అడుగుతోంది. ఆమె గొంతు నాదాకా వినిపించింది.

"అప్పా, లోపల మిలిట్రీ మనిషి ఉండాడా? పొడుగ్గా, మీసాలతో? కొంచెం చూసి చెప్పప్పా."

వాళ్ళు తల అడ్డంగా ఊపుతున్నారు. ఆమె పక్క కిటికీకి పోతోంది. నడక కాదు, సగం పరుగు.

పిలవచ్చు. ముప్పై గజాలు. పెరేడ్ గ్రౌండులో వందమందికి వినిపించే గొంతు నాది. పిలవలేదు. పదహారేళ్ళుగా నేను ఏది చూడాలని తిరిగి తిరిగి చూశానో, అది నా ఎదురుగా ఉంది. అది నా కోసమే. ఇంకొంచెంసేపు చూడాలనిపించింది. అంతే. ఆకలిగొన్నవాడు విస్తరి ముందు నుంచి లేవలేనట్టు నిలబడిపోయాను. నేను మంచివాణ్ణని చెప్పుకోవడం లేదు.

గార్డు ఈల వేశాడు. బండి కదిలింది.

అప్పుడు పరుగెత్తాను. ట్రంకు అక్కడే వదిలేశాను. నేను చేరేసరికి బండి పోయింది. ఆమె ప్లాట్‌ఫారం చివర, బండి పోయిన వైపు చూస్తూ నిలబడి ఉంది. "సరోజా," అన్నాను. తిరిగింది. నా ముఖం పోల్చుకోవడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. తర్వాత నా చొక్కాను గుప్పిట్లో పట్టుకుంది. ఏడవలేదు. రొప్పుతోంది.

"ఎంతసేపయింది దిగి?"

"ఇప్పుడే," అన్నాను.

తర్వాత నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. పొద్దున ఆవు నాది, నీళ్ళ వంతు ఆమెది. కట్టెలు ఆమె చెప్పినట్టే పేర్చాను. అవి నా బతుకులో మంచి రోజులు. నిజం చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. అప్పటికే దిగి ఉన్నానని, అంతా చూశానని, పిలవలేదని. రేపు చెబుదాం అనుకున్నాను. ఇప్పుడు చెప్పడానికి ఆమె లేదు.

గురి గురించి అడిగారు గదా. నాకు తెలిసినంత రాశాను. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని నేను ఏం ఆలోచిస్తుంటానని కూడా కొందరు అడుగుతుంటారు. ఏమీ ఆలోచించను. ఒకటే కనబడుతుంటుంది. బండి కదులుతోంది. ఒక ఆడమనిషి కిటికీ కమ్మీ పట్టుకుని పక్కనే పరుగెత్తుతూ లోపలికి చూస్తోంది. ఒక చెప్పు ఊడి వెనకే ఉండిపోయింది. దాని కోసం ఆగలేదు.